ఆయుధాల లెక్క ఎవరు చూస్తారు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: ఆయుధాలు కొనడం, తయారు చేయించడం రక్షణ శాఖ పని. ఆ శాఖే ఆయుధ నియంత్రణ కూడా చూస్తుందంటే దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టు కాదా?
– డిగ్రీ విద్యార్థిని, ఆమదాలవలస

జవాబు: సందేహం సహజమే. అయితే ఒక క్షిపణిని ఏ వరసలో విప్పాలో, దాని ఇంధనాన్ని ప్రమాదం లేకుండా ఎలా తీయాలో, దాని ముందు భాగంలో ఎన్ని వార్‌హెడ్లు (పేలే భాగాలు) పడతాయో దాన్ని దగ్గర పెట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది. అందుకే చాలా దేశాలలో ఒప్పందాన్ని కుదిర్చే పని విదేశాంగ శాఖ చేతిలో ఉన్నా, అందులో రాసుకున్న అంకెలను ఇనుము మీద అమలు చేసే పని రక్షణ శాఖ మీద పడుతుంది.

ఇది ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికి అమెరికా అనుభవం బాగా ఉపయోగపడుతుంది. 1987 డిసెంబరు 8న అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచేవ్ సంతకాలు చేసిన ఐఎన్ఎఫ్ (మధ్యశ్రేణి అణు క్షిపణుల) ఒప్పందం ప్రకారం 500 నుంచి 5,500 కిలోమీటర్ల దూరం వెళ్లే, నేల మీది నుంచి ప్రయోగించే క్షిపణులను రెండు దేశాలూ పూర్తిగా వదులుకోవాల్సి వచ్చింది. 1991 నాటికి రెండు వైపులా కలిపి 2,692 క్షిపణులను ధ్వంసం చేశారు. అవతలివాళ్లు నిజంగానే ధ్వంసం చేశారా అని వెళ్లి చూసి రావడానికి అమెరికా రక్షణ శాఖ 1988లో ప్రత్యేకంగా ఒక తనిఖీ సంస్థను పెట్టింది. ఆ సంస్థను మరికొన్నిటితో కలిపి 1998 అక్టోబరులో డిఫెన్స్ థ్రెట్ రిడక్షన్ ఏజెన్సీని ఏర్పాటు చేశారు. దాని ప్రధాన కార్యాలయం వర్జీనియాలోని ఫోర్ట్ బెల్వార్‌లో ఉంది.

తనిఖీ అనగానే చాలామంది హడావుడిగా జరిగే సోదాను ఊహించుకుంటారు గానీ, అసలు పని ఓపికతో కూడినది. రష్యాలోని వోట్కిన్స్క్ కర్మాగారంలో నిషేధించిన ఎస్ఎస్-20 క్షిపణులతో పాటు నిషేధం వర్తించని ఎస్ఎస్-25 క్షిపణులు కూడా తయారయ్యేవి. ఈ రెండింటి మొదటి దశలూ పైకి దాదాపు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, ఎస్ఎస్-25 పేరుతో పాతవి బయటికి రాకుండా చూసేందుకు అమెరికా తనిఖీదారులు ఆ కర్మాగారం గేటు బయటే మకాం పెట్టి, వచ్చే పోయే వాహనాల పొడవు వెడల్పులు కొలుస్తూ 13 ఏళ్ల పాటు కాపలా కాశారు. సోవియట్ తనిఖీదారులు కూడా అమెరికాలోని యూటా రాష్ట్రంలో, మాగ్నా పట్టణంలోని కర్మాగారం గేటు దగ్గర ఇదే పని చేశారు. దూరశ్రేణి అణ్వాయుధాలను తగ్గించడానికి తరువాత కుదిరిన స్టార్ట్ ఒప్పందం కింద బీ-52 బాంబర్లను అరిజోనా ఎడారిలో భారీ కత్తితో ముక్కలు చేసి, అవతలి దేశపు ఉపగ్రహాలు ఆకాశం నుంచి చూసుకునేందుకు వీలుగా ఆ ముక్కలను 90 రోజుల పాటు ఆరుబయటే ఉంచారు.

ఇవి ఎవరి ఆయుధాలను వాళ్లే నాశనం చేసుకున్న ఉదాహరణలు. పక్కవాడి ఆయుధాలను నాశనం చేయడానికి అమెరికా తన రక్షణ బడ్జెట్ ఖర్చు పెట్టడం అంతకంటే విచిత్రమైన సంగతి. సోవియట్ యూనియన్ కూలిపోతున్న 1991లో అమెరికా సెనేటర్లు శామ్ నన్, రిచర్డ్ లూగర్ తెచ్చిన చట్టం రక్షణ నిధుల నుంచి 40 కోట్ల డాలర్ల వరకు ఇందుకు వాడుకోవడానికి అనుమతించింది. సోవియట్ అణ్వస్త్రాలు తమ నేల మీద మిగిలిపోయిన ఉక్రెయిన్, కజకిస్తాన్, బెలారస్ 1996 నాటికి అణ్వస్త్రాలు లేని దేశాలయ్యాయి. 1996 జూన్‌లో ఉక్రెయిన్‌లోని పెర్వోమైస్క్ క్షిపణి స్థావరంలో అమెరికా, రష్యా, ఉక్రెయిన్ రక్షణ మంత్రులు ముగ్గురూ కలిసి పొద్దుతిరుగుడు మొక్కలు నాటిన ఫొటో అప్పట్లో పత్రికలన్నిటిలో వచ్చింది. నాకు ఆ ఫొటో కంటే ముఖ్యంగా తోచేది, క్షిపణి దళాలు రద్దయ్యాక ఉద్యోగం, క్వార్టరు రెండూ పోయిన అధికారులకు ఇళ్లు కట్టించడానికి కూడా ఈ నిధుల్లో కొంత కేటాయించడం. ఇంటింటా ఒక మాజీ సైనికుడు ఉన్న మన జిల్లాల వాళ్లకు దీని అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు.

మీ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. 2010లో అమెరికా, రష్యాల మధ్య కుదిరిన న్యూ స్టార్ట్ ఒప్పందం చెరి 1,550 వార్‌హెడ్ల పరిమితి పెట్టి, ఏడాదికి 18 తనిఖీలకు వీలు కల్పించింది. ఆ తనిఖీలు 2020లో కోవిడ్ కారణంగా ఆగిపోయి మళ్లీ మొదలు కాలేదు. 2023 ఫిబ్రవరిలో రష్యా ఒప్పందం అమలునే నిలిపివేసింది. తాళాలు ఎవరి చేతిలో ఉన్నా, తలుపు తీయాలన్న ఇష్టం పాలకులకు లేకపోతే తనిఖీదారు చేయగలిగింది ఏమీ లేదు.

ప్రశ్న: ఒడిశా తీరంలో క్షిపణి పరీక్ష ఉన్నప్పుడల్లా సముద్రంలో ఫలానా ప్రాంతంలోకి వెళ్లవద్దని హెచ్చరిక వస్తుంది. రహస్యంగా ఉంచాల్సిన పరీక్షను ముందే చాటడం ఎందుకు?
– మత్స్యకార కుటుంబానికి చెందిన పాఠకుడు, భావనపాడు

జవాబు: మీకు వచ్చే హెచ్చరిక ప్రాణరక్షణ కోసం. చాందీపూర్ నుంచి గానీ అబ్దుల్ కలాం దీవి నుంచి గానీ ప్రయోగించిన క్షిపణి దశలు బంగాళాఖాతంలోనే పడతాయి కాబట్టి విమానాలకు నోటామ్ అనే హెచ్చరిక, ఓడలకు సముద్ర హెచ్చరిక జారీ చేస్తారు. హిందూ మహాసముద్రంలో మన వైపు ప్రాంతానికి సముద్ర హెచ్చరికలు ఇచ్చే బాధ్యత డెహ్రాడూన్‌లో నౌకాదళం నడిపే జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయానిది. సముద్రం ఎక్కడా లేని ఊళ్లో కూర్చుని వాళ్లు మన వేటగాళ్లను ఒడ్డున ఆపుతున్నారన్నమాట.

ఇదే పరీక్ష గురించి వేరే దారిలో ఇంకో కబురు కూడా వెళుతుంది. 2005 అక్టోబరు 3న భారత్, పాకిస్తాన్ చేసుకున్న ఒప్పందం ప్రకారం, నేల నుంచి నేల మీదికి ప్రయోగించే బాలిస్టిక్ క్షిపణిని పరీక్షించే దేశం కనీసం మూడు రోజుల ముందు రెండో దేశానికి తెలియజేయాలి. ప్రయోగ స్థలం సరిహద్దుకు 40 కిలోమీటర్ల లోపు, పడే చోటు 75 కిలోమీటర్ల లోపు ఉండకూడదు. ఆకాశంలోకి లేచినది పరీక్షా, దాడా అని అవతలి రాడార్ ముందు కూర్చున్నవాడు నిమిషాలలో తేల్చుకోవాల్సిన పరిస్థితి రాకూడదన్నదే దీని ఉద్దేశం. పరీక్ష జరుగుతుందన్న సంగతి చెప్పినంత మాత్రాన క్షిపణి గుట్టు బయటపడదు.

ఈ ఏర్పాటులో ఒక పెద్ద లోటు ఉంది: విమానంలా గాలిలో ఎగురుతూ వెళ్లే క్రూయిజ్ క్షిపణులు దీని పరిధిలోకి రావు. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ ఒకటి పొరపాటున ప్రయోగమై పాకిస్తాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. ప్రాణనష్టం జరగలేదు. విచారణ తరువాత ముగ్గురు వైమానిక దళ అధికారులను సర్వీసు నుంచి తొలగించారు. పరీక్షల ముందస్తు కబురు ఇలాంటి పొరపాటును ఎలాగూ ఆపలేదు గానీ, ఆ క్షిపణుల గురించి రెండు దేశాల మధ్య మాటే లేకపోవడం మంచిది కాదని ఆ సంఘటన చూపింది.

ప్రశ్న: మా మండలంలో కొవ్వాడ అణువిద్యుత్ కేంద్రం వస్తే విదేశీ తనిఖీదారులు వస్తారంటున్నారు. మన రక్షణ రహస్యాలకు ఇబ్బంది కాదా?
– ఉపాధ్యాయుడు, రణస్థలం

జవాబు: ఇబ్బంది ఉండదు. మన దేశం పౌర అణుకేంద్రాలను, సైనిక అవసరాలకు ఉద్దేశించిన వాటిని విడదీసి, మొదటి రకాన్ని మాత్రమే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పర్యవేక్షణ కిందికి తెచ్చింది. ఆ ఒప్పందంపై 2009 ఫిబ్రవరిలో సంతకాలు జరిగాయి. కొవ్వాడలో పెట్టదలచినవి విదేశీ రియాక్టర్లు కాబట్టి అవి ఆ పర్యవేక్షణలోకే వస్తాయి. తనిఖీదారులు చూసేది ఇంధనం లెక్క: ఎంత వచ్చింది, ఎంత వాడారు, వాడిన కడ్డీలు ఎక్కడ ఉన్నాయి అన్నంతవరకే. పైగా ఈ వ్యవహారం రక్షణ శాఖది కాదు, ప్రధానమంత్రి చేతిలో ఉండే అణుశక్తి విభాగానిది.

కొవ్వాడ పేరు ఎక్కే అవకాశమున్న జాబితా మరొకటి ఉంది. ఒకరి అణుకేంద్రాలపై మరొకరు దాడి చేయకూడదని 1988 డిసెంబరు 31న భారత్, పాకిస్తాన్ రాసుకున్నాయి. దాని ప్రకారం ఏటా జనవరి 1న తమ అణుకేంద్రాల అక్షాంశ, రేఖాంశాలను ఇచ్చిపుచ్చుకుంటాయి. 1992లో మొదలైన ఈ మార్పిడి కార్గిల్ యుద్ధం తరువాత గానీ, ముంబై దాడుల తరువాత గానీ ఆగలేదు. అయితే ఆ జాబితా నిజమో కాదో ఎవరూ వెళ్లి చూడరు. మన ఉపఖండంలో లెక్క చెప్పడం ఉంది గానీ, లెక్క చూడటం లేదు. వోట్కిన్స్క్ గేటు దగ్గర జరిగినట్లు వాఘా అవతల, ఇవతల ఎప్పుడైనా జరుగుతుందా అంటే, నాకు దగ్గరలో ఆ ఆశ కనిపించడం లేదు.

తనిఖీని మనం ఎప్పుడూ ఒప్పుకోలేదని మాత్రం అనకూడదు. రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంలో చేరిన మన దేశం తన దగ్గర వెయ్యి టన్నులకు పైగా రసాయన ఆయుధ నిల్వ ఉందని 1997లో ప్రకటించి, అంతర్జాతీయ తనిఖీదారుల సమక్షంలో 2009 నాటికి మొత్తం నాశనం చేసింది. మన పత్రికలలో ఈ సంగతికి దక్కిన చోటు చాలా తక్కువ.

ప్రశ్న: నాకు చిన్న ఫౌండ్రీ, మెషిన్ షాపు ఉన్నాయి. విదేశం నుంచి వాల్వు భాగాల ఆర్డరు వచ్చింది. దీనికి కూడా రక్షణ శాఖ అనుమతి కావాలా?
– చిన్న పరిశ్రమ యజమాని, బొబ్బిలి

జవాబు: మామూలు నీటి పైపుల వాల్వులకు అక్కర్లేదు. కానీ రసాయన కర్మాగారాలలో వాడే, తుప్పు పట్టని లోహంతో చేసిన కొన్ని రకాల వాల్వులు, పంపులు రసాయన ఆయుధాల తయారీకి కూడా పనికి వస్తాయి కాబట్టి స్కోమెట్ అనే నియంత్రిత వస్తువుల జాబితాలో ఉన్నాయి. వాటి ఎగుమతికి విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ అనుమతి తీసుకోవాలి. అదే జాబితాలో ఆరో విభాగమైన సైనిక సామగ్రికైతే రక్షణ ఉత్పత్తి విభాగం అనుమతి ఇస్తుంది. ఏ అనుమతికైనా కొనేవారి నుంచి, సరుకును దేనికి వాడతారో చెప్పే ధ్రువపత్రం అడుగుతారు. డ్రాయింగులో లోహం రకం, కొలతలు చూసుకుని జాబితాతో పోల్చండి. తేల్చుకోలేకపోతే అడ్వాన్సు తీసుకోకముందే విశాఖపట్నంలోని ఆ డైరెక్టరేట్ ప్రాంతీయ కార్యాలయంలో అడగండి.