టేబుల్ ముందే బుక్ చేసుకోవాలా?

చి. అమ్మాయికి, ఆశీస్సులు.

విదేశం వెళ్ళినప్పుడు ప్రతి పూటకీ భోజనం చేసే చోట టేబుల్ ముందే బుక్ చేసుకోవాలా, అక్కడికెళ్ళాక చూసుకోవచ్చా అని అడిగావు. పది రోజుల ప్రయాణమైతే మూడు పూటలు, మహా అయితే నాలుగు బుక్ చెయ్యి. మిగతావి వదిలెయ్. అన్నీ బుక్ చేసుకుంటే మ్యూజియంలో ఇంకో గంట ఉండాలనిపించినా పరుగెత్తుకు రావాల్సిందే.

ఆ నాలుగూ ఏవంటావా? తినకుండా వచ్చేస్తే మనసులో ఉండిపోయే చోటు మొదటిది. తరవాత శుక్ర, శనివారాల రాత్రులు, అయిదుగురికి మించి కలిసి తినే పూట. ఇద్దరికైతే ఏ మూలో చోటు దొరుకుతుంది. ఆరుగురంటే రెండు బల్లలు కలపాలి, రద్దీలో అది కుదరదు. జపాన్‌లో చిన్న సుషీ హోటళ్ళలో కౌంటర్ ముందు ఎనిమిదో పదో కుర్చీలుంటాయి. పేరున్నవాటిలో వారాల ముందే నిండిపోతాయి. కొన్ని చోట్ల బయటి దేశాల నుంచి నేరుగా బుకింగ్ తీసుకోరు. నువ్వు దిగే హోటల్ రిసెప్షన్ వాళ్ళకి ముందుగా మెయిల్ రాసి వాళ్ళచేత అడిగించు. అసలు బుకింగే లేని చోట్లూ ఉన్నాయి. అక్కడ తలుపు తీసే వేళకి పావుగంట ముందు వెళ్ళి వరసలో నిలబడాలి.

దిగిన రోజు రాత్రికి మాత్రం వద్దు. విమానం ఆలస్యమైతే నువ్వు చేసేదేం లేదు. చాలా చోట్ల పావుగంట చూసి టేబుల్ ఇంకొకరికి ఇచ్చేస్తారు. కార్డు నంబరు తీసుకున్నవాళ్ళయితే మనిషికింతని డబ్బు కోస్తారు. రద్దు గడువు 24 గంటలా, 48 గంటలా అన్నది ముందే చదువు. ఆ గంటలు అక్కడి టైము ప్రకారం లెక్కపెట్టు, ఇంటి టైముతో కాదు.

తేదీ దగ్గర పొరపాట్లు ఎక్కువ. అమెరికాలో 05/06 అంటే మే 6, ఐరోపాలో జూన్ 5. నెల పేరు అక్షరాల్లో కనిపించేదాకా ఖాయం చెయ్యకు. వేళలూ చూసుకో. స్పెయిన్‌లో రాత్రి భోజనం తొమ్మిది ప్రాంతంలో. ఏడింటికే ఆకలేస్తే చాలా వంటిళ్ళు ఇంకా తెరవవు. ఫ్రాన్స్‌లో మధ్యాహ్నం రెండు దాటితే చాలా చోట్ల వంట ఆపేస్తారు. పారిస్‌లో ఆది, సోమవారాలు మూసేవి చాలా ఉన్నాయి, ఆగస్టులో వారాల తరబడి మూసేవీ ఉన్నాయి. లండన్‌లో డిసెంబర్ 25న మెట్రో, సిటీ బస్సులు తిరగవు. ఆ రోజు నడిచి వెళ్ళగలిగే చోటే బుక్ చెయ్యి.

ఇంకో చిక్కు ఫోన్ నంబరు. ప్రయాణానికి కొనే ఇ-సిమ్‌లు చాలావరకు డేటా ఇస్తాయి గాని వాటికి కాల్ రాదు. ముందు రోజు ఖాయం చేసుకోడానికి ఫోన్ చేసి, పలక్కపోతే కొందరు టేబుల్ తీసేస్తారు. అందుకని మెయిల్ కూడా ఇవ్వు, రోజూ చూస్తుండు.

తిననివేమైనా ఉంటే బుకింగ్‌లోనే రాయి. మెనూ వాళ్ళే నిర్ణయించే చోట కూర్చున్నాక చెబితే మార్చలేరు. జపాన్‌లో కూరగాయల వంటకమనుకున్నదాంట్లోనూ చేపతో కాచిన దాషి అనే రసం ఉండొచ్చు.

కావలసినచోట ఖాళీ లేదంటే నిరాశపడకు. వెయిటింగ్ లిస్టులో పేరు రాయించి, రద్దు గడువు ముగిసే ముందు మళ్ళీ చూడు. మనసు మార్చుకున్నవాళ్ళు అప్పుడే వదిలేస్తారు. రాత్రికి దొరక్కపోతే అదే చోట మధ్యాహ్నానికి అడుగు, తరచూ ధరా తక్కువే. ఒకే రాత్రికి రెండు చోట్ల మాత్రం పట్టి ఉంచకు. ఒకటి మరిచిపోయి డబ్బు పోగొట్టుకుంటావు.

ఇట్లు,
బాబాయి

తా.క. బుకింగ్ ఖాయమైన పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. గుమ్మం దగ్గర నెట్ రాకపోతే అదే ఆధారం.