మొగ్గ ఎండిపోలేదండీ, దాని రంగే అంత!

ప్రశ్న: రెండేళ్ల కిందట పసుపు పువ్వుల నాప్‌వీడ్ విత్తనాలు తెప్పించి వేశాను. పాకెట్ మీద సెంటారియా మాక్రోసెఫలా అని రాసుంది. మొదటి ఏడాదంతా ఉత్త ఆకులే. ఇప్పటికి నడుమెత్తు కాడలు లేచి, కాడకో మొగ్గ తొడిగింది కానీ, ఆ మొగ్గలన్నీ గోధుమరంగులో, కాగితం చుట్టినట్టు ఎండిపోయి ఉన్నాయి. తెగులేమోనని రెండు కోసేశాను కూడా. మందు కొట్టాలా, ఎరువు చాలలేదా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ కత్తెర పక్కన పెట్టండి. మీరు కోసి పారేసినవి నిక్షేపంలాంటి మొగ్గలు.

ఇది బంతి, చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబం మొక్క. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి బోలెడు సన్నసన్న పూలు ఒకే బుట్టలో కూర్చున్న గుంపు. ఆ బుట్ట చుట్టూ చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి కప్పుకుని పత్రాలుంటాయి, వాటి అంచులు పుట్టుకతోనే తుప్పు రంగులో, పెళుసుగా, ఉల్లిపొట్టులా ఉంటాయి. మాక్రోసెఫలా అంటే పెద్ద తలది అని అర్థం. నాప్ అన్నది కూడా బొడిపె అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాట నుంచే వచ్చింది. అంటే పేరు పెట్టినవాళ్ల కళ్లు కూడా ముందు ఆ బొడిపె మీదే పడ్డాయన్నమాట. అనుమానంగా ఉంటే మొగ్గని రెండు వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా గోళీలా తగిలితే లోపల అంతా బాగున్నట్టే, మెత్తగా నల్లగా చితికితేనే కంగారు పడాలి. ఇంకొన్నాళ్లకి నడినెత్తిన చీలి, పసుపు కుచ్చు పైకి పొడుచుకొస్తుంది. మూడంగుళాల వెడల్పు దాకా విచ్చుకుంటుంది, తేనెటీగలు దాని మీంచి దిగమన్నా దిగవు.

మందు వద్దు. ఎరువు అసలే వద్దు, ఎక్కువైతే ఆకులు ఏపుగా పెరిగి కాడలు వాలిపోతాయి తప్ప పూలు పెరగవు. విత్తనంతో పెంచితే పూతకి రెండేళ్లు, ఒక్కోసారి మూడేళ్లు పడుతుంది, కాబట్టి మీ మొక్క ఆలస్యమేమీ చేయలేదు.

ప్రశ్న: ఈ మొక్కని మొదటి నుంచీ ఎలా పెంచాలో చెప్తారా? కుండీలో వస్తుందా? ఒకచోట నాటాక ఇంకోచోటికి మార్చచ్చా?

జవాబు: దాని పుట్టిల్లు చూస్తే సగం జవాబు దొరుకుతుంది. కాకసస్ కొండలు, అర్మేనియా, జార్జియా, తుర్కియే ఈశాన్యపు ఎత్తు ప్రాంతాల్లోని పచ్చికబయళ్లు దాని సొంతూరు. అక్కడ చలికాలమంతా మంచు కింద పడుకుంటుంది, వేసవిలో నిండా ఎండ కాస్తుంది, కురిసిన నీళ్లు వాలులో జారిపోతాయి. అందుకే గడ్డకట్టే చలిని తేలిగ్గా తట్టుకుంటుంది గానీ, ఏడాది పొడుగునా ఉక్కపోసే చోట నీరసించిపోతుంది. అలాంటి వాతావరణంలో దీనికోసం పంతం పట్టకండి, కుసుమ వేసుకోండి. అదీ దీనికి దగ్గరి చుట్టమే, పసుపు నారింజ కుచ్చులతో బాగానే మురిపిస్తుంది.

చల్లటి ప్రాంతమైతే చలి తగ్గాక గానీ, చలికి ముందు గానీ విత్తనం వేయండి, పైన మట్టి పలచగా కప్పితే చాలు. రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తుంది. రెండు మొక్కల మధ్య రెండడుగులు వదలండి. ఒంటరి నారుమొక్కని చూస్తే అంత చోటు ఎందుకనిపిస్తుంది, కానీ అడుగు పొడవు గరుకు ఆకులతో దుబ్బు కట్టాక, మూడు నుంచి ఐదడుగులు లేచిన కాడలతో అది చిన్నపాటి పొదే. వేరు లోతుగా దిగే రకం, కాబట్టి కుండీలో ఇరుకు. పదేపదే మార్చితే అలుగుతుంది, చోటు ముందే ఆలోచించుకోండి. దుబ్బు ముదిరి మధ్యలో బోడిగా అయినప్పుడు మాత్రం, మూడు నాలుగేళ్లకోసారి, తవ్వి వేరుతో సహా చీల్చి నాటుకోవచ్చు.

నీళ్ల విషయంలో నేనూ తప్పు చేశాను. మొదటి మొక్కని ముద్దుచేసి రోజూ తడిపితే మొదలు కుళ్లి, పట్టుకుని లాగగానే చేతిలోకి వచ్చేసింది. మొదటి ఏడాది వేరు పట్టుకునేదాకా పోయండి, తర్వాత మరీ కరువైతేనే. నీడలో పెడితే కాడలు వెలుతురు కోసం మెడలు చాస్తాయి, అప్పుడు కర్రలు కట్టే పని.

ప్రశ్న: ఇది కలుపుమొక్క అని, గుర్రాలకి విషమని ఒకరు భయపెట్టారు. నిజమేనా?

జవాబు: రెండు మొక్కల కథలు కలిసిపోయాయి. గుర్రాలకి ప్రమాదం దీని దాయాది, పసుపు స్టార్‌తిజిల్. అది ఏడాది మొక్క, పువ్వు చిన్నది, పువ్వు కింద నక్షత్రంలా అంగుళం దాకా పొడవైన ముళ్లుంటాయి. మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చి కాలిఫోర్నియా పచ్చికబయళ్లని ఆక్రమించింది. గుర్రాలు దాన్ని చాలాకాలం మేస్తే మెదడు దెబ్బతిని నమలడమే మర్చిపోతాయి, దానికి వైద్యం లేదు. మీ మొక్కకి కాగితపు పొలుసులే తప్ప ముళ్లుండవు, తేడా తెలిసిపోతుంది.

అలాగని మన పెద్దతలకాయ పూర్తిగా సాధువేం కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం దీన్ని కచ్చితంగా పీకేయాల్సిన 'క్లాస్ A' కలుపు మొక్కల జాబితాలో పెట్టింది. తోటల నుంచి తప్పించుకుని బయళ్లలో పడిందన్నదే అక్కడి గొడవ. కాబట్టి నాటేముందు మీ ప్రాంతపు నిబంధన కనుక్కోండి. అనుమతి ఉన్నా సరే, పువ్వు వాడగానే తల తుంచేయండి, విత్తనం రాలకుండా ఉంటుంది.

ప్రశ్న: తుంచిన పూలు ఎండబెట్టి పెట్టుకోవచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా. కాకపోతే వాడేదాకా ఆగకుండా, పసుపు కుచ్చు నిండుగా ఉన్నప్పుడే కాడతో కోసి, ఆకులు దూసేసి, గాలి ఆడే చీకటి గదిలో తలకిందులుగా వేలాడదీయండి. పసుపు మెల్లగా తేనెరంగుకి దిగుతుంది. పొలుసులు మాత్రం ఉన్నట్టే ఉంటాయి, అవి ముందునుంచీ ఎండినట్టే ఉన్నాయిగా.