క్లిప్పు పడ్డాక గడ్డ కరిగించే మందు: మా అక్క విషయంలో జరిగింది

మీ అమ్మగారికి మెదడులో పగిలిన అన్యూరిజమ్‌కు, అంటే రక్తనాళం గోడ మీద ఉబ్బిన బుడగకు, క్లిప్పు (మూసిపెట్టే చిన్న లోహపు బిగింపు) వేశారని, ఇప్పుడు తలలోని గొట్టం గుండా గడ్డ కరిగించే మందు వేస్తామంటున్నారని రాశారు. "రక్తం కారిన చోట ఆ మందేమిటి?" అన్న మీ ప్రశ్నే రెండేళ్ల కిందట గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రి వరండాలో నేనూ అడిగాను. సంతకం పెట్టడానికి ఒక రాత్రంతా తటపటాయించాను.

మర్నాడు డాక్టరు గారు సీటీ ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించారు. మెదడు లోపల నీరుండే గదులు నల్లగా కనబడాలి. అక్కవి తెల్లగా, రక్తంతో నిండి ఉన్నాయి. నీరు బయటికి పోయే దారి లేదు. తోడడానికి పెట్టిన గొట్టమూ గడ్డలతో పూడుకుపోతోంది. ఆల్టెప్లేస్ అనే మందును ఒకటి రెండు మిల్లీగ్రాములే ఆ గదిలోకి పంపి, గంటసేపు గొట్టం మూసి, మళ్లీ తెరుస్తామన్నారు. పక్షవాతానికి నరంలోకి ఎక్కించే మోతాదు దీనికి ఎన్నో రెట్లు.

అన్నిటికన్నా ముఖ్యం వరుస. పగిలిన చోట చిల్లుకు అడ్డుపడి ఉండేది గడ్డే. క్లిప్పుతోనో, కాయిల్‌తోనో (బుడగ లోపల నింపే సన్నని తీగచుట్ట) ఆ చిల్లును మూయకముందే మందు వేస్తే మళ్లీ రక్తం చిమ్మవచ్చు. అందుకే ఇది తప్పక అడగండి: క్లిప్పు పూర్తిగా పట్టిందని యాంజియోగ్రామ్‌లో చూశారా? ఆపరేషన్ తర్వాతి సీటీలో కొత్త రక్తం ఏమైనా ఉందా?

మందు పడ్డ రెండో రోజు సంచిలోకి బీట్‌రూట్ నీళ్లలాంటి ద్రవం దిగింది. నాలుగో రోజుకు పలుచని టీ రంగుకు వచ్చింది. ఆ సంచి ఎత్తు చెవి మట్టానికి సరిచూసి కడతారు. మంచం తలవైపు ఎత్తాలన్నా నర్సును పిలవండి. నేను తెలియక ఎత్తబోతే ఆవిడ పరుగున వచ్చి ఆపారు.

గడ్డ కరిగినంత మాత్రాన స్పృహ వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. 2017లో వెలువడిన క్లియర్-3 అనే పరిశోధనలో, మెదడు గదుల్లో రక్తం చేరిన 500 మందికి ఈ మందు ఏమేరకు పనిచేస్తుందో చూశారు. మందు పడినవారిలో మరణాలు తగ్గాయి కానీ, తమ పనులు తాము చేసుకోగలిగినవారి సంఖ్య చెప్పుకోదగ్గంత పెరగలేదు. పైగా అన్యూరిజమ్ రోగులను అందులో చేర్చలేదు. ఇన్‌ఫెక్షన్ భయమూ ఉంది. ఇవన్నీ తెలిసే నేను సంతకం పెట్టాను, ఎందుకంటే గొట్టం పూడుకుపోతే తలలో ఒత్తిడి ఆగదు.

రక్తం కారిన నాలుగో రోజు నుంచి రెండు వారాల దాకా రక్తనాళాలు బిగుసుకుపోయే గండం వేరే ఉంది. దానికి నిమోడిపిన్ మాత్రలు నాలుగు గంటలకోసారి, 21 రోజులు. వార్డుకు మార్చాక తెల్లవారుజామున రెండింటికి, ఆరింటికి నేనే లేచి గుర్తుచేసేవాణ్ణి. మీరూ ఫోనులో అలారం పెట్టుకోండి.