మంచి డిజైన్ ఉన్న వస్తువు వాడేవాళ్లకి నిజంగా సంతోషం ఎప్పుడు ఇస్తుంది?

నేను చూసేది ఒక్కటే. ఆ వస్తువుని ముట్టుకునే సమయానికి మన చేతులు ఎలా ఉంటాయో తయారుచేసినవాళ్లు ఆలోచించారా లేదా? షోరూంలో అందరి చేతులూ పొడిగా, ఖాళీగా ఉంటాయి. ఇంట్లో, బజార్లో అలా ఉండవు.

సాయంత్రం పూట మా వైజాగ్ ఆర్‌కే బీచ్‌లో మురీ మిక్చర్ బండ్లవాళ్లని చూడండి. చేతులనిండా ఉల్లిపాయ, కారం, నిమ్మరసం. ఇదివరకు ఎవరైనా ఫోన్లో డబ్బు వేస్తే చెయ్యి గుడ్డకి తుడుచుకుని, జేబులోంచి ఫోన్ తీసి, మెసేజ్ వచ్చిందో లేదో చూసుకోవాల్సి వచ్చేది. రద్దీలో అంత తీరిక ఎక్కడిది? కస్టమర్ చూపించిన స్క్రీన్ నమ్మి పంపించేసేవాళ్లు, అది పాత స్క్రీన్‌షాట్ అయినా సరే. 2019లో పేటీఎం సౌండ్‌బాక్స్ తెచ్చింది, తర్వాత మిగతా కంపెనీలూ తెచ్చాయి. డబ్బు పడగానే ఎంత పడిందో తెలుగులో గట్టిగా చెప్పేస్తుంది. సిమ్ కూడా దానిలోనే ఉంటుంది కాబట్టి బండాయన ఫోన్ పక్కనే ఉండక్కర్లేదు. నేను ఎప్పుడూ కొనే ఆయన్ని అడిగితే "అది పలికితే చాలు బాబూ, తల ఎత్తే పని లేదు" అన్నాడు. కంటితో చేయాల్సిన పనిని చెవికి అప్పగించారు, అంతే!

మా ఇంట్లో మూత లోపలికి దిగే హాకిన్స్ కుక్కర్ ఉంది. మూతని వంచి లోపలికి దించి పైకి లాగడం కొత్తలో మా ఆవిడకి చిరాకుగా ఉండేది. దాని కిటుకు ఏమిటంటే, ఆవిరి ఆ మూతని లోపలినుంచి అంచుకేసి నొక్కి పెడుతుంది. ప్రెషర్ ఉన్నంతసేపూ తొందరపడి లాగినా రాదు, దిగాక దానంతటదే వదులవుతుంది. హెచ్చరించడానికి లైటూ లేదు, బజరూ లేదు.

నోకియా 1100 గురించి చెప్పకపోతే మా నాన్నగారు ఊరుకోరు. 2003లో వచ్చిన ఆ ఫోన్ ప్రపంచంలో 25 కోట్లకు పైగా అమ్ముడైంది. దుమ్ము దూరకుండా కీప్యాడ్ మొత్తానికి ఒకటే రబ్బరు తొడుగు, చెమట చేతుల్లోంచి జారకుండా పక్కల గరుకు, పైన చిన్న టార్చ్. మన వైజాగ్ ఉక్కపోత కోసమే చేశారేమో అనిపించేది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. నా స్మార్ట్ ఫోన్ మొదటి రాత్రికే చచ్చిపోయింది. ఆయన పాత 1100 మాత్రం ఫోన్‌గా పనికి రాకపోయినా మెట్ల మీద, బాత్రూంలో, పక్కింటి మామ్మగారికి మందులు వెతకడంలో మాకు దారి చూపించింది.

దీనికి పూర్తి వ్యతిరేకం మేం ముచ్చటపడి కొన్న ఇండక్షన్ స్టవ్. పేరు ఎందుకులెండి. పైన నున్నటి గాజు, బటన్లన్నీ టచ్. చూడ్డానికి భలే ఉంటుంది. టచ్ ప్యానెల్ వేలు తగిలినప్పుడు విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పుని పసిగడుతుంది, నీళ్లు పడినా అలాంటి మార్పే వస్తుంది. దాంతో పాలు పొంగి ప్యానెల్ మీద పడితే కుయ్ కుయ్‌మని ఆగిపోతుంది. బియ్యం కడిగిన చేత్తో నొక్కితే పలకదు. "ఏమండీ, దీనికి నా వేలు ఆనట్లేదు" అని వంటింట్లోంచి పిలుపు. వంటగదిలో తడి చెయ్యి ఉంటుందని ఎవరికీ తట్టలేదంటే, దాన్ని గీసినవాళ్లు ఒక్కపూటైనా వండి ఉండరని నా అనుమానం.

అందం అక్కర్లేదని కాదు. అది కొన్న రోజు సంతోషం, రెండో వారానికి కళ్లకి అలవాటైపోతుంది.

ఇప్పుడు జగదాంబ దగ్గర షాపులకి వెళ్తే వాటర్ బాటిల్ వెంట ఉంచుకుంటాను. వేళ్లు తడుపుకుని నాబ్‌లు తిప్పి, బటన్లు నొక్కి, ఒకసారి కళ్లు మూసుకుని కూడా నొక్కి చూస్తాను. సేల్స్ కుర్రాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. డబ్బులు మనవే కదా.