‘స్ట్రేంజర్ థింగ్స్’లో రాక్షసిని వదిలేస్తే ఏం రాయాలి?

మీడియా స్టడీస్ ప్రాజెక్టుకి నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఈ అమెరికన్ సిరీస్ తీసుకున్నారు, రాక్షసి గురించి తప్ప ఏం రాయాలో తోచడం లేదన్నారు. ముందు ప్రభుత్వ ల్యాబ్‌లో పెరిగిన ఎలెవన్ అనే పిల్ల చేతిని చూడండి. మణికట్టు దగ్గర 011 అని పచ్చబొట్టు. ల్యాబ్‌లో ఆ పిల్లని పిలిచేది నంబరుతోనే. స్నేహితుడు మైక్ ‘ఎల్’ అని ముద్దుపేరు పెట్టాక గానీ ఆమెకి తనదంటూ ఒక పిలుపు లేదు. విజయవాడ హాస్టల్లో రోల్ నంబరుతో పిలిపించుకుంటూ ఇంటర్ చదివిన నాకు ఆ సీన్‌లో గొంతు పట్టేసింది. పిల్లల బతుకుని పెద్దవాళ్లే నిర్ణయిస్తారన్న భయానికి సైన్స్ ఫిక్షన్ ఇక్కడ ఒక రూపం ఇచ్చింది.

సిరీస్ వచ్చింది 2016లో, కథ మొదలయ్యేది 1983 నవంబరులో. అమెరికా, సోవియట్ యూనియన్ మధ్య కోల్డ్ వార్ రోజులు కాబట్టే ప్రభుత్వ ల్యాబు, రహస్య ప్రయోగాలు.

నన్నడిగితే మీ ప్రాజెక్టుకి మొదటి సీజన్లో జాయిస్ అనే తల్లి ఇంటి గోడ ఒక్కటే చాలు. గోడంతా అక్షరాలు రాసి, ఒక్కో అక్షరానికి ఒక్కో క్రిస్మస్ బల్బు పెడుతుంది. గుణదల తిరునాళ్లకి మనవాళ్లు కట్టే సీరియల్ సెట్లలాంటివే. కనిపించకుండా పోయిన కొడుకు విల్ ఆ బల్బులు వెలిగించే ‘ఇక్కడే ఉన్నా’ అంటాడు, తర్వాత ‘పారిపో’ అంటాడు. పండగ దీపాలు తల్లీకొడుకుల మధ్య టెలిగ్రాఫ్ అయిపోయాయి. ఆ సీన్‌ని షాట్ షాట్‌గా విడగొట్టి, ఏ బల్బు వెలిగినప్పుడు కెమెరా తల్లి ముఖం మీదికి వెళ్తుందో రాయండి.