గురి జరిగిందా, దెబ్బ జరిగిందా?

సందేహం: మిలిటరీలో చేసి వచ్చాను. ఇప్పుడు కుర్రాళ్లకు రైఫిల్ షూటింగ్ నేర్పుతున్నాను. స్కోప్ (తుపాకీ మీద బిగించే దూరదర్శిని) మీది టరెట్‌ను, అంటే సర్దే స్క్రూ పిడిని, ‘పైకి’ అన్న బాణం వైపు తిప్పితే ‘గురి పైకి జరుగుతుంది’ అని చెప్పాను. ‘జరిగేది గురి కాదు మాస్టారూ, దెబ్బ’ అన్నాడొక కుర్రాడు. ఏది ఒప్పు? స్కోప్‌ను దుర్భిణి అనవచ్చా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

సమాధానం: కుర్రాడి చెవి మంచిది.

గురి పాత తెలుగులో గుఱి, బండి ఱతో. కన్నడంలోనూ గుఱి, తమిళంలో కుఱి. గుఱుతు దీనికి తోబుట్టువు. అంటే గురి మొదట మన చేతిలోది కాదు, ఎదుట ఉన్నది. కొట్టవలసిన చోటి గుర్తు. ద్రోణుడు చెట్టు మీద పెట్టించిన బొమ్మ పిట్ట గురి. అర్జునుడికి దాని తల తప్ప చెట్టే కనబడలేదు. అలా చూపు నిలపడం కూడా గురే అయింది: ‘గురి చూసి కొట్టాడు’. మనసు నిలిస్తే నమ్మకం: ‘ఆయన మాటంటే నాకు గురి’. వీటిలో ఎక్కడా తూటా పడిన చోటు లేదు. ‘గురి తప్పింది’ అంటాం గానీ తప్పింది దెబ్బే, గురి ఉన్నచోటే ఉంది.

(‘ఆనందానికి గురయ్యారు’ అని రాసే పత్రికల వారిని ఏమనాలి? గురి అయినవాడు దెబ్బ తినేవాడు. సన్మానం జరిగినాయనకు ఏం దెబ్బ తగిలిందట?)

ఇక మీ స్కోప్. పెద్ద గొట్టం లోపల చిన్న గొట్టం, అందులో తలకిందులైన బొమ్మను నిలబెట్టే కటకాలు. దాని వెనక కొస కీలు మీద ఉంటుంది, ముందు కొస కదులుతుంది. పైనుంచి ఒక స్క్రూ, పక్కనుంచి ఒక స్క్రూ నొక్కుతుంటే ఎదురుగా స్ప్రింగు తోస్తుంటుంది. బొబ్బిలి వారికి వేరే చెప్పాలా? వీణ బిరడాకు తీగ బిగువు ఎలాగో దీనికి స్ప్రింగు అలాగ. అది నీరసిస్తే ఎంత తిప్పినా స్థిరం లేదు.

ఖాళీ తుపాకీని ఇసుక మూట మీద కదలకుండా పెట్టి ‘పైకి’ తిప్పి చూడండి. స్క్రూ లేస్తుంది, గొట్టం ముందు కొస దాని వెంట లేస్తుంది. అక్కడ బొమ్మ ఇంకా తలకిందులే కనుక స్కోప్‌లో గురి చూడడానికి ఉండే ప్లస్ గుర్తు కంటికి కిందికి దిగుతుంది! దాన్ని మళ్లీ గురి మీదికి తేవడానికి మీరు తుపాకీ గొట్టం మూతి ఎత్తుతారు, తూటా పైన పడుతుంది. చాలా స్కోపుల్లో టరెట్ తిప్పే ఒక్కో టిక్కుకు 100 గజాల దూరాన సుమారు పావు అంగుళం తేడా.

కాబట్టి ‘దెబ్బ పైకి జరుగుతుంది’ అనడమే మేలు. గురి పెట్టిన చోటే తూటా పడేలా స్కోప్‌ను సర్దడాన్ని జీరోయింగ్ అంటారు కదా, దానికి ‘గురి కుదర్చడం’ నాకు నచ్చిన మాట. మైదానంలో జీరోయింగ్ అంటేనే పని నడుస్తుందంటే అడ్డుపడను. టరెట్‌ను బిరడా అనాలని నా కోరిక. సీసా మూత కూడా బిరడాయే కదా అని కుర్రాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

దుర్భిణి అనవచ్చు. అందులోది ‘దుర్’ ఉపసర్గ కాదు. ఫారసీ దూర్‌బీన్, దూరం చూసేది. భకారపు ఒత్తు మనం పెట్టుకున్న నగ.