పాత బొగ్గు స్టవ్‌కి మైకా కిటికీ: బిగించే ముందు కాల్చి చూడండి

సందేహం: పెన్సిల్వేనియాలో పాత ఇల్లు కొన్నాం. హాల్లో నూరేళ్ళు దాటిన బొగ్గు స్టవ్ ఉంది. దాని తలుపుకున్న చిన్న కిటికీల్లో మైకా (అభ్రకం) రేకు చిట్లిపోయింది. దాని బదులు గాజు పెట్టించేయొచ్చా?

గాజు వద్దండీ. మామూలు గాజైతే ఆ వేడికి పగిలిపోతుంది. సిరామిక్ గాజు వేడికి ఆగుతుంది గానీ, పాత పోత ఇనుప తలుపు కాలినప్పుడు కాస్త మెలి తిరుగుతుంది, దాంతోపాటు గాజు వంగదు. మైకా వంగుతుంది.

ముందు చిమ్నీ సంగతి తేల్చుకోండి. ఇల్లు చేతులు మారినప్పుడు ఎన్ఎఫ్‌పీఏ (అమెరికా అగ్ని రక్షణ సంఘం) 211 ప్రమాణం ప్రకారం లెవెల్ 2 తనిఖీ, అంటే చిమ్నీ లోపల కూడా కెమెరాతో చూసే తనిఖీ జరగాలి. మామూలు హోమ్ ఇన్‌స్పెక్షన్‌తో అది అయిపోయినట్టు కాదు. స్టవ్ వెలిగించే ఉద్దేశం ఉంటే ఇన్సూరెన్స్ వాళ్ళకీ చెప్పేయండి.

మైకా పాత స్టవ్‌ల విడిభాగాలు అమ్మేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. కొందరు ‘ఐసింగ్లాస్’ అని కూడా రాస్తారు, అలా వెతికినా సరే. చిట్లిన ముక్కని కాకుండా ఫ్రేమ్‌ని కొలవండి. నాలుగు వైపులా పావు అంగుళం ఫ్రేమ్ కిందికి వెళ్ళేలా చూసుకోండి. మచ్చలేని పెద్ద రేకులు అరుదు కాబట్టి సైజు పెరిగేకొద్దీ ధర బాగా పెరుగుతుంది. తెల్లగా అద్దంలా ఉండేది మస్కొవైట్ (మన గూడూరు గనుల్లో తీసేది అదే), తేనెరంగుది ఫ్లోగోపైట్. రెండోది ఇంకా ఎక్కువ వేడికి ఆగుతుంది. నిప్పుకి మరీ దగ్గరగా ఉన్న కిటికీకి నేనైతే తేనెరంగుదే తీసుకుంటాను. చూపుకి అంత అందంగా ఉండదు, పర్లేదు.

జాగ్రత్తపడాల్సింది అతుకు మైకా విషయంలో. పొడినీ పెళ్ళలనీ జిగురుతో కలిపి ఒత్తిన రేకులవి. ఫొటోలో తేడా తెలియదు. అందుకని పార్సిల్ రాగానే దీపానికి ఎదురుగా పట్టి చూడండి: సన్నని పగుళ్ళు, సూదిమొనంత రంధ్రాలు ఉంటే మెరుస్తూ బయటపడతాయి. గోధుమరంగు మరకలుంటే ఏమీ కాదు, పగులుంటే మాత్రం వెనక్కి పంపేయండి. మెల్లగా వంచి వదిలితే అసలు మైకా ఠక్కున తిన్నగా అవుతుంది. అంచులో సూది దూర్చితే పొర మీద పొరగా నున్నగా విడుతుంది, అతుకుదైతే పెళ్ళలుగా రాలుతుంది. ఆఖరి పరీక్షకి మూల నుంచి చిన్న ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, ఆరుబయట మంటలో పెట్టండి. పొగ, వాసన, బుడగలు వచ్చి నల్లబడితే అందులో జిగురు ఉన్నట్టే. కరిగిందా, అది ప్లాస్టిక్! అసలుదైతే కాసేపటికి వెండిరంగు తిరిగి పొరలు ఉబ్బుతాయేమో గానీ అంటుకోదు, కరగదు.

కత్తెరతోనే కత్తిరించొచ్చు. బిగించేటప్పుడు స్క్రూలు గట్టిగా తిప్పకండి, వేడికి సాగడానికి కాస్త చోటుండాలి. ఫ్రేమ్ సందుల్లో కూరిన పాత ప్యాకింగ్ ఉంటే పొడిగా గీకొద్దు, ఆ కాలం వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

బిగించాక చిన్న నిప్పు వేసి, వెలిగించిన అగరుబత్తిని ఫ్రేమ్ చుట్టూ నెమ్మదిగా తిప్పండి. పొగ ఎక్కడ లోపలికి లాక్కుంటుందో అక్కడ సందు ఉంది. నిప్పుకి పైన సందుంటే చల్లగాలి దూరి డ్రాఫ్ట్ (చిమ్నీ పైకి లాగే జోరు) తగ్గుతుంది. నిప్పు కింద ఇనుప కమ్మీల దగ్గర ఉంటే గాలి మీ చెప్పుచేతల్లో ఉండదు, నిప్పు రెచ్చిపోతుంది. పొగ బయటికి తన్నితే వెంటనే ఆపి చిమ్నీ చూపించండి. ఆంథ్రసైట్ (ఇలాంటి స్టవ్‌లలో వాడే గట్టి బొగ్గు) నుంచి పొగ పెద్దగా రాదు, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం వస్తుంది, దానికి వాసనుండదు. దాన్ని పసిగట్టే అలారం స్టవ్ ఉన్న అంతస్తులో ఒకటి, పడకగదుల దగ్గర ఒకటి పెట్టాకే వెలిగించండి.

ఇంకొకటి. కొత్త బొగ్గు వేసేటప్పుడు నిప్పంతా కప్పేయకండి. గ్యాస్ పేరుకుని ఒక్కసారిగా అంటుకుంటే ఢబ్ మని మైకా ఎగిరొచ్చి నేల మీద పడుతుంది. ఒక పక్క ఎర్రటి నిప్పు కనబడేలా వదిలేస్తే నీలిమంట దానంతటదే అంటుకుంటుంది. మసి పడితే, స్టవ్ పూర్తిగా చల్లారాక నీళ్ళు కలిపిన వెనిగర్‌తో మెత్తని గుడ్డ పెట్టి తుడవండి. ఎలాగూ ఆర్డర్ పెడుతున్నారు కాబట్టి అదే సైజులో ఒక రేకు అదనంగా తెప్పించి పెట్టుకోండి.